పేరున్న గిన్నెలు

కార్తీకం వెళ్ళి, తెల్లవారుఝామున కుళాయి నీళ్ళు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోయే రోజులొచ్చాయంటే హైదరాబాదు ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. పెట్టె అడుగున పడేసిన స్వెట్టర్లూ శాలువలూ తీసి ఎండలో వేసుకోవడం ఒకటి. జనవరి ఒకటో తారీఖున నాంపల్లిలో ఎగ్జిబిషన్ తెరవగానే ఏమేం కొనాలో జాబితా రాసుకోవడం రెండోది. 1938లో మొదలైన ఆ నుమాయిష్ అంటే మా ఆడపడుచుకి ప్రాణం. దుప్పట్లూ, గాజులూ, పచ్చడి జాడీలూ అన్నీ తళతళలాడే కొత్తవి కొంటుంది. నేను మాత్రం చలికాలమంతా పాతవాటి వెంట పడతాను. "డబ్బిచ్చి మరీ చెత్త మోసుకొచ్చే మనిషిని నిన్నే చూశాను వదినా!" అంటుంది. అననివ్వండి. నేను వెళ్ళేది జుమ్మేరాత్ బజారుకి.

జుమ్మేరాత్ అంటే ఉర్దూలో గురువారం. బేగంబజారు దాటి పురానాపూల్ వైపు వెళితే, గురువారం గురువారం సాగే పాత సామాన్ల సంత అది. పురానాపూల్ 1578లో కట్టిన వంతెన. చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది. బేగంబజారేమో నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం ఇచ్చిన స్థలంలో వెలసిందని చెబుతారు. వరసగా గిన్నెల కొట్లున్న బజారుకి ఒక ఇల్లాలి గుర్తుగా పేరుండడం నాకెంతో న్యాయంగా తోస్తుంది. గిన్నె కొత్తగా ఉన్నప్పుడు బేగంబజారులో ఉంటుంది, ముసలిదయ్యాక జుమ్మేరాత్ బజారు చేరుతుంది. మధ్య దూరం నడిచి వెళ్ళేంతే! కానీ ఆ కాస్త దూరం రావడానికి ఒక్కో గిన్నెకి యాభై అరవై ఏళ్ళు పడుతుంది.

ఈ సంతకి వెళ్ళవలసింది చలికాలంలోనే. ఎండాకాలంలో నేలమీద పరిచిన ఇనుమూ ఇత్తడీ పెనంలా కాలిపోతాయి, చేత్తో ముట్టుకోవడం కూడా కష్టం. వానాకాలమైతే ఆ బురదలో సామానేదో మట్టేదో తెలియదు. చలికాలంలో పొద్దున్నే, ఇంకా మంచు విడవకముందే వెళ్ళాలి. గోనెపట్టాల మీద తాళంకప్పలు, కత్తిపీటలు, కాళ్ళు విరిగిన కుర్చీలు, పాడైన ఫోన్ల ఛార్జర్లు, కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డులు, పళ్ళూడిన దువ్వెనలు కూడా ఉంటాయి. ఎవరు కొంటారనుకున్నారు? కొంటారు! ఇంకో కిటుకుంది. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేనప్పుడు గిన్నెల బేరం మందంగా ఉంటుంది. భోగి దగ్గరపడుతోందని ఇళ్ళల్లో అటకలు దులుపుతారు. కర్రసామాను భోగిమంటలోకీ, లోహం తూకానికీ పోతుంది. కనక సరుకెక్కువ, గిరాకీ తక్కువ. మధ్యతరగతి ఇల్లాలికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది చెప్పండి!

పాత సామాన్ల సంతలు మనకొక్కరికే ఉన్నాయనుకోకండి. పారిస్ నగరం అంచున సాంత్‌ఉఆన్ అనే చోట పేరు మోసిన సంత ఉంది. కుక్కల ఒంటిమీద గెంతులేసే చిన్న పురుగు పేరుతో వాళ్ళు దాన్ని పిలుస్తారు. పాత పరుపుల్లో, బట్టల్లో అవే ఉండేవని వెక్కిరింపు. ఆ పేరే తర్వాత ఇంగ్లీషులోకీ వెళ్ళి, ప్రపంచంలోని పాత సామాన్ల బజార్లన్నిటికీ అంటుకుంది. దాని వెనక ఒక గిన్నె కథ ఉంది. 1884లో అక్కడి అధికారి యూజీన్ పూబెల్ అనే ఆయన, ప్రతి ఇంటివాళ్ళూ చెత్తని మూతున్న డబ్బాల్లోనే వేసి బయట పెట్టాలని ఉత్తరువు వేశాడు. అప్పటిదాకా రాత్రిళ్ళు వీధుల్లో చెత్త ఏరుకుని బతికేవాళ్ళ నోట్లో మట్టి కొట్టినట్టయింది. ఎంత గోల చేసినా ఆ డబ్బాలు పోలేదు. ఏరుకున్న సామాను ఊరి కోటగోడ బయట పరిచి అమ్ముకునేవాళ్ళ బజార్లే క్రమంగా సంతగా స్థిరపడ్డాయి. ఇంతకీ తమాషా ఏమిటంటే, ఫ్రెంచి భాషలో ఈనాటికీ చెత్తడబ్బాని 'పూబెల్' అనే అంటారు! ఆ మహానుభావుడి పేరు అలా డబ్బాకి అంటుకుపోయింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, పేర్ల దగ్గరికి మళ్ళీ వస్తాను.

మన సంగతికొస్తే, హైదరాబాదులో పాత సామానుకి మహర్దశ పట్టింది నిజాం పాలన పోయాక. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు రాబడి మీద నడిచే దేవిడీలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? ముందు బండ్లూ గుర్రాలూ వెళ్ళాయి. తర్వాత షాండిలీర్లు, చీనా పళ్ళాలు, నల్లటి బిద్రీ మీద వెండి తీగ పొదిగిన పాన్‌దాన్లు, హుక్కా కుండలు ఒక్కొక్కటే గుమ్మం దాటాయి. కొన్ని హర్రాజు దుకాణాలకి, కొన్ని గురువారం సంతకి. ఆ రోజుల్లోనే మూడో సాలార్‌జంగ్, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949లో కాలం చేశారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా వస్తువులు కొనడంతోనే సరిపోయింది. దేశదేశాల వర్తకులు ఆయన గుమ్మంలో కాచుకుని ఉండేవారట. ఆ సామానంతా చెదిరిపోకుండా 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మార్చారు. పిల్లల్ని తీసుకెళ్ళి ముసుగు రెబెక్కానీ, గంట కొట్టే గడియారాన్నీ చూపించని హైదరాబాదు తల్లి ఉండదు కదా!

మద్రాసులో కాపురం చేసినవాళ్ళకి మూర్ మార్కెట్ గుర్తుండే ఉంటుంది. 1900 నాటి ఎర్రటి భవనం, సెంట్రల్ స్టేషన్ పక్కనే. పాత పుస్తకాలూ, పాత రికార్డులూ, పాత పింగాణీ దొరికేవి. మన పత్రికలూ, సినిమాలూ మద్రాసులో ఉన్నంతకాలం తెలుగువాళ్ళకి అదొక పుట్టిల్లు. 1985 మే 30న కాలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషన్ నడుస్తోంది. పుస్తకాలు కాలితే బూడిద మిగులుతుంది. ఇత్తడి అలా కాదు, కరిగి ఇంకో వస్తువైపోతుంది. ఏది ఎక్కువ నష్టమో చెప్పలేను.

షాండిలీర్లూ, బిద్రీ మన తాహతుకి మించినవి. వాటి కోసం వచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. నేను వెతికేది వంటింటి సామాను. బిందెలు, గుండిగలు, తప్పేలాలు, మరచెంబులు, గంగాళాలు, పోపుపెట్టెలు, సత్తు గిన్నెలు. (సత్తు గిన్నెలో కాచిన చారు తాగి పెరిగిన నాలుకకి ఇంకే చారూ ఎక్కదు. అది వేరే గొడవ.) గిన్నె చేతికి తీసుకోగానే అందరూ బరువు చూస్తారు. నేను అంచు కింద మెడ చుట్టూ చూపుడువేలితో తడుముతాను. గరుకుగా చుక్కలు తగిలాయా, నా గుండె ఒక్కసారి జల్లుమంటుంది. పేరుందన్నమాట!

మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటాయి. గిన్నె కొన్న కొట్టు దగ్గరే చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడు. కాగితం మీద మనం రాసిచ్చిన పేరుని టకటకటక చుక్కలుగా కొట్టేవాడు. అక్షరానికింత అని కూలి. ఇప్పుడు ఆ పని కరెంటు పెన్ను చేస్తోంది, గీత సన్నగా పడుతుంది. ఎందుకు కొట్టించేవారంటే, పేరు గొప్పకి కాదు. ఊళ్ళో పెళ్ళయితే నలుగురిళ్ళ నుంచీ కాగులూ గుండిగలూ అరువొచ్చేవి. పెళ్ళయ్యాక పెరట్లో బోర్లించిన నలభై గిన్నెల్లో ఏది ఎవరిదో తేలాలిగా? అందుకు పెద్ద సామాను మీద ఇంటి యజమాని పేరుండేది. అదే ఆడపిల్లకి సారె పెట్టిన చిన్న సామాను మీద, పాలచెంబు, మరచెంబు, పూజ పళ్ళెం మీద, ఆ పిల్ల పేరు కొట్టించేవారు. ముందు 'చి॥సౌ॥', తర్వాత పేరు, కింద తారీఖో తెలుగు సంవత్సరమో. నేను చూసినంతలో ఇదీ పద్ధతి.

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. ఆవిడకి చదువు రాదు. సంతకానికి బదులు వేలిముద్ర. పొలం కాగితాల్లో తాతగారి పేరుండేది, ఇంటిపన్ను రసీదులో మామయ్య పేరుండేది. ఊళ్ళో ఆవిణ్ణి ఫలానా వారి కోడలు అనీ, తర్వాత ఫలానా వాడి తల్లి అనీ అనేవారు. మేం పుట్టాక అమ్మమ్మే. ఎవరైనా పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. ఆవిడ పేరు అక్షరాలా రాసి ఉన్న వస్తువు ఆ ఇంట్లో ఒకే ఒకటి, పెళ్ళికి పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె. చదువురాని మనిషికి ఆ చుక్కలు మాత్రం తెలుసు. బిందె తోమేటప్పుడు వాటి మీద చింతపండు ఇంకాస్త గట్టిగా రుద్దేది.

ఇది ఒక్క మా ఇంటి ముచ్చటే అనుకునేదాన్ని. తర్వాత మన మొదటి ఎన్నికల చరిత్ర చదివితే కళ్ళు తిరిగాయి. 1951-52 ఎన్నికల కోసం ఓటర్ల జాబితాలు రాసేవాళ్ళు ఇంటింటికీ వెళితే, ఎంతోమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానా వారి భార్యని, ఫలానా వాడి తల్లిని అని రాయించుకున్నారు. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇలా జరిగింది. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు. పేరు చెప్పనందుకు దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాల్లోంచి పోయారు. ఇరవై ఎనిమిది లక్షలు! దేశానికి పేరు చెప్పని ఆ ఇల్లాళ్ళలో ఎందరి పేర్లు వాళ్ళ వంటింట్లో చెంబుల మీద బోర్లపడి ఉన్నాయో!

అమ్మమ్మ బిందె ఏమైందంటారా? అందరిళ్ళల్లో బిందెలు ఏమయ్యాయో అదే అయింది. 1970ల నాటి మధ్యాహ్నాలు గుర్తు చేసుకోండి. భోజనాలయ్యాక వీధి అరుగు మీద గంప దింపి, "పాత సామాన్లకి స్టీలు గిన్నెలిస్తాం" అన్న కేక వినపడేది. వెనకే జరీ కొనేవాడు. పట్టుచీర అంచు కోసి కాల్చి వెండి తీసుకునేవాడు. మా అమ్మ ఆ బిందెతో పాటు ఇంకో రెండు తప్పేలాలిచ్చి స్టీలు డబ్బాల వరస తీసుకుంది. అది తప్పని నేనెప్పుడూ అనను. ఇత్తడి తోమిన చేతులకి తెలుసు ఆ కష్టం. బూడిదా, చింతపండూ, కొబ్బరిపీచూ, నడుం వంగిపోయే చాకిరీ. పులుసు కాచాలంటే కళాయి ఉండాలి, లేకపోతే కిలుము. కళాయి వాడు వీధిలోకొచ్చి గుంట తవ్వి, తిత్తి ఊది, ఎర్రగా కాలిన గిన్నెలో నవాసారం చల్లి, తగరం తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెన్నెల కాసినట్టుండేది. చూడ్డానికి బాగానే ఉండేది! కానీ వాడు రావడం తగ్గిపోయాక, గ్యాసు పొయ్యి వచ్చాక, ఉద్యోగానికి వెళ్ళే ఆడదానికి స్టీలు దేవుడిచ్చిన వరం. పాతకాలం గొప్పదని పాటలు పాడేవాళ్ళని ఒక్క వారం గుండిగలు తోమమనండి, చూద్దాం.

కాకపోతే బేరంలో ఒక లెక్క తప్పింది. తూకంలో బరువే చూశారు. పేరుకి విలువ కట్టలేదు.

మూడు చలికాలాల క్రితం నాకొక గుండిగ దొరికింది. మెడ చుట్టూ ఒకావిడ పేరు, దాని పక్కన 'రుధిరోద్గారి' అని సంవత్సరం. (ఏ పెళ్ళికైనా ఎంత శుభమైన పేరో చూడండి!) తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కదా. రుధిరోద్గారి 1923-24లో వచ్చింది, మళ్ళీ 1983-84లో వచ్చింది. ఏదంటారు? ఆ రాత్రి మావారూ నేనూ టార్చిలైటు వేసుకుని కూర్చున్నాం. గుండిగ పొట్ట చుట్టూ పళ్ళపళ్ళుగా కలిపిన అతుకు కనిపించింది. రెండు ముక్కలు విడివిడిగా కొట్టి, పంటి సందులో పన్ను దూర్చినట్టు కలిపి అతికే పాత పని అది. ఒంటినిండా సుత్తి దెబ్బల నీడలున్నాయి. మరమీద తిప్పి చేసిన గిన్నెకి ఇవేవీ ఉండవు, నున్నగా ఉంటుంది. పైగా ఆవిడ పేరులో బండి 'ఱ' ఉంది. 1983లో ఉలి పట్టుకున్నవాడికి ఆ అక్షరం తట్టడం అనుమానమే. 1923 అనే తేల్చుకున్నాం. అంటే ఆ పెళ్ళికి వందేళ్ళు దాటాయి. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడ మనవరాళ్ళెవరైనా ఈ పేజీ చదువుతుండొచ్చు, ఇంకొకరింట్లో తమ అమ్మమ్మ సారె ఉందని తెలిస్తే మనసుకి ఎలా ఉంటుంది?

ఆ గుండిగ ఎక్కడిదో మాత్రం చెప్పలేకపోయాం. తణుకు దగ్గర అజ్జరం ఉంది, ఇత్తడి సామాన్లకి పెట్టింది పేరు. శ్రీకాకుళంలో బుడితి ఉంది. జనగామ దగ్గర పెంబర్తి వాళ్ళు ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చడంలో ఘనులు. ఇక్కడా ఒక సంగతి గమనించారా? చేసిన ఊళ్ళకి పేరొచ్చింది, కానీ చేసినవాడు గిన్నె మీద తన పేరు వేసుకోలేదు. వేసింది వాడుకునే ఇల్లాలి పేరే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక మధ్యాహ్నమంతా తిరిగొచ్చి నాకు చిన్న కోపం వచ్చింది. రాజుల పళ్ళాలు అద్దాల్లో పెట్టారు సరే, మన అట్లకాడలు ఎవరు దాచాలి? ఆ పని చేసినవాళ్ళు లేకపోలేదు. పూనాలో దినకర్ కేళ్కర్ అనే ఆయన ఊరూరా తిరిగి దీపపు సెమ్మెలు, అడకత్తెరలు, వంటింటి సామాను పోగుచేశారు. భార్య కమలాబాయి ఆయనకి చేదోడు. చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేరు దానికి పెట్టుకుని, 1975లో మొత్తం మహారాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చేశారు. అహమ్మదాబాదులో సురేంద్ర పటేల్ 1981లో అచ్చంగా గిన్నెల కోసమే ఒక మ్యూజియం పెట్టారు, విశాలా అనే భోజనశాల పక్కన. పాత గిన్నెలు కరిగిపోతున్నాయని బెంగపడి పెట్టారట. తెలుగు ఇల్లాళ్ళ పేర్లున్న చెంబులు ఒక్క గదిలో వరసగా పేర్చి పెడితే, మనకి చరిత్ర పుస్తకం వేరే ఎందుకు? ఏ ఊళ్ళో ఏ పేర్లు పెట్టేవారు, ఏ ఏట ఏ లోహం వాడారు, ఏ తరంలో ఆడపిల్ల పేరు పక్కన తండ్రి పేరు పోయి మొగుడి పేరు చేరింది, అన్నీ కంటికి కనిపిస్తాయి.

సంతలో నన్ను బాగా బాధపెట్టేవి గిన్నెలు కూడా కావు, ఫొటోలు. పాత పెళ్ళి ఫొటోల పటాలు గుట్టగా పోసి ఉంటాయి. కుర్చీలో ఆయన, పక్కన నిలబడి ఆవిడ. కొనేవాడికి కావలసింది బర్మా టేకు ఫ్రేము. బేరం కుదరగానే అక్కడే వెనక మేకులు పీకి, ఫొటో లాగి పక్కన పారేస్తాడు, లోపల అద్దం పెట్టుకోవడానికి. ఆ ఫొటోల వెనక్కి తిప్పి చూస్తాను. స్టూడియో పేరుంటుంది, ఊరుంటుంది. మనుషుల పేర్లు మాత్రం ఒక్క దాని మీదా చూడలేదు. గిన్నె మీద పేరుంటే మొహం తెలియదు, ఫొటోలో మొహముంటే పేరు తెలియదు. ఆ రెండూ ఒకే ఇంట్లోంచి, ఒకే గోనెసంచిలో వచ్చి ఉండొచ్చు. జత కలిపేదెవరు?

అంచేత మా ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటి వెనకా కిందటి సంక్రాంతి సెలవుల్లో కూర్చుని పెన్సిలుతో పేర్లు రాశాను. మా అత్తగారికి తొంభై దగ్గరపడుతున్నాయి, అయినా ఒక్కొక్కరినీ గుర్తుపట్టి చెప్పారు. "ఇది మా పెద్దక్కే! దీని అసలు పేరు..." అని ఒక్క క్షణం ఆగారు. అందరూ పెద్దక్క, పెద్దక్క అని పిలవడమే. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది కాబోలు, నన్ను లేపి మరీ చెప్పారు.

అమ్మమ్మ బిందె ఇంతవరకూ దొరకలేదు. అది ఏనాడో కరిగి ఏ కుళాయో, తలుపు గొళ్ళెమో అయిపోయి ఉంటుందని మావారంటారు. ఆయన ఇంజనీరు, అలాగే అంటారు. నేను మాత్రం ప్రతి చలికాలం ఆ అంచులు తడుముతూనే ఉన్నాను. ఇప్పటికి మా అటక మీద పదకొండు మంది పరాయి ఇళ్ళ ఆడపడుచులు చేరారు. సంక్రాంతికి దింపి తోముతాను, చింతపండుతోనే.

జుమ్మేరాత్ బజారులో నేనెప్పుడూ కొనే ఆసామి ఇప్పుడు నా కోసం పేరున్నవి విడిగా తీసి పెడుతున్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు. వేలితో తడిమి చుక్కలు తగిలితే పక్కన పెట్టేస్తాడు. "మీ సామాను ఉన్నది అమ్మా, చూడుండ్రి" అంటాడు, అవన్నీ మా పుట్టింటివే అయినట్టు! ఈ ఏడు పుష్యమాసం మొదటి గురువారం వెళితే కొత్త ధర చెప్పాడు. మామూలు ఇత్తడయితే తూకం లెక్క. పేరుంటే కిలోకి వంద ఎక్కువ. ఈ ధర నావల్లే పుట్టిందని మావారి ఆరోపణ. బేరమాడి ఎనభైకి దింపి, ఒక మరచెంబు తెచ్చాను.